పొరుగింటి గ్రామసింహాలు

పోయిన నెల ఈ శీర్షికలో ఊరగాయల సంగతి ముచ్చటించినాము. ఈ నెల కుక్కల సంగతి వ్రాయబోతున్నాము. ఊరగాయ నుండి కుక్కకు దిగినారేమని పాఠకులు నవ్వవచ్చును. నవ్వండి, మాకు అభ్యంతరం లేదు. అయితే ఆ మూడు నెలలలో ఏ ఒక్క రాత్రి అయినా మీరు మా యింట్లో పడుకొని వుండినట్లయితే, ఇది నవ్వులాట కాదని రెండు గంటల వేళకు మీకే తెలిసివచ్చేది.

మాది సింగానల్లూరు. తిరుచ్చి రోడ్డు మీద బస్సు దిగి, చెరువు దిక్కుగా కొంత నడిచి సందులోకి తిరిగితే ఇరువైపులా ఆరారు ఇండ్లు. సగం ఇండ్లలో తెలుగు, సగం ఇండ్లలో తమిళం, పిల్లల నోళ్ళలో రెండూ కలిపినది. మా తాతల నాడు ఇది కోయంబత్తూరికి వెలుపలి ఊరు. 1981లో కార్పొరేషనులో చేరినది. అప్పట్లో చుట్టూ నూలు మిల్లులు. షిఫ్టు షిఫ్టుకూ మిల్లు సంగు ఊదేది. ఆ కూతకే మా అవ్వ పొయ్యి వెలిగించేది, ఆ కూతకే తాత సైకిలెక్కేవాడు. చెవులు చిల్లులు పడే కూత అది. అయినా దాని మీద ఎవరూ ఫిర్యాదు చేసినట్లు మేము వినలేదు. కారణం, దానికి వేళ ఉండినది. ఎంత పెద్ద చప్పుడయినా వేళకు వచ్చేదయితే మనిషి అలవాటు పడతాడు. ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు ఆగుతుందో తెలియని చప్పుడే ప్రాణం తీస్తుంది.

మా గోడకు అవతల వున్నది పెద్దమ్మ యిల్లు. రక్తసంబంధం కాదు, ఇరుగుపొరుగు వరుస. మేము పుట్టినప్పుడు నీళ్ళు కాచినది ఆమే. వాళ్ళ యింట్లో పప్పుచారు కాగితే గిన్నె గోడ మీదికి వచ్చేది. మా యింట్లో గారెలు వేగితే గిన్నె తిరిగి పోయేది. ఆ యింటి పెద్దాయన పోయి రెండేండ్లయినది. కొడుకు విదేశంలో ఉద్యోగం. పోయిన దీపావళికి వచ్చినప్పుడు అతడు తల్లికి కాపలాగా రెండు కుక్కపిల్లలను తెచ్చి, గోడను రెండు అడుగులు ఎత్తు చేయించి, సెలవు అయిపోగానే వెళ్ళిపోయినాడు.

పిల్లలు కుక్కలయినవి. కుక్కలు మొరగసాగినవి. రాత్రి పదకొండుకు ఒక విడత, రెండుకు ఒక విడత, తెల్లవారుజామున ఇంకొకటి. నడుమ ఎవరి బండి సందులోకి వచ్చినా, పిల్లి గోడ దాటినా, గాలికి కొబ్బరిమట్ట రాలినా, అది లెక్కలోనికి రాని విడత. మా నాయనగారికి గుండె ఆపరేషను అయి ఏడాది కాలేదు. మా చిన్నదానికి మార్చిలో ప్లస్ టూ పరీక్షలు. ఎదురింటి మేడ మీద అద్దెకున్న అబ్బాయికి మిల్లులో రాత్రి షిఫ్టు. అతడు పగలు పడుకోవాలి, పగలూ కుక్కలు పడుకోవు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నట్లుగా వున్నది మా అందరి పని.

మేము చేసిన మందులన్నీ ఇక్కడ ఒప్పుకొంటాము. మొదట కిటికీలో నుండి కసిరినాము. తరువాత గోడ మీద కర్రతో కొట్టినాము. ఒక రాత్రి చెంబెడు నీళ్ళు కూడా పోసినాము. ప్రతిసారీ కుక్కలు మరింత ఉత్సాహంతో జవాబు చెప్పినవి. అది వాటి తప్పు కాదు. కుక్క మొరిగినప్పుడు మనం అరిస్తే, ఇంటివారు కూడా తమతో కలిసి శత్రువు మీద మొరుగుతున్నారని అది అనుకొంటుందట. మేము అరిచిన కొద్దీ అది తాను చేస్తున్న పని మంచిదేనని నేర్చుకొన్నది. మూడు నెలలు మేము దానికి ఉచితంగా శిక్షణ ఇచ్చినామన్నమాట.

చివరకు అర్జీ వ్రాసినాము. ఠాణాకు ఒక ప్రతి, కార్పొరేషనుకు ఒక ప్రతి. సందులో ఏడుగురి సంతకాలు పడినవి. ఎనిమిదవ సంతకానికి కాగితం మా అమ్మ ముందు పెట్టినాము. ఆమె కళ్ళద్దాలు పెట్టుకొని సాంతం చదివి, కలం తీసుకోకుండా అడిగినది: “మూడు నెలలుగా గోడమీంచి అరిస్తిరే, ఒక్కనాడైనా ఆ గడప తొక్కితిరా?”

మాకు జవాబు లేకపోయినది. నిజంగా తొక్కలేదు. గోడ ఎత్తయిన నాటి నుండి గిన్నెలు కూడా ఆగిపోయినవి. ఠాణాకు దారి తెలిసినది గాని, పది అడుగుల దూరంలోని గేటుకు దారి తెలియలేదు.

మరునాడు సాయంకాలం అమ్మను వెంటబెట్టుకొని వెళ్ళినాము. గేటు దగ్గరనే కథ సగం అర్థమయినది. రెండూ తెల్లని రాజపాళయం కుక్కలు. మెట్ల కింద స్తంభానికి మూరెడు గొలుసుతో కట్టివేసినారు. ఎదురుగా కమ్మీల గేటు. సందులో పోయే ప్రతి మనిషీ, ప్రతి బండీ వాటి కంటబడవలసిందే. పరుగెత్తడానికి పుట్టిన జాతి. పగలంతా కట్టులో వుండి, రాత్రంతా కట్టులో వుండి, నోరొక్కటే స్వేచ్ఛగా మిగిలితే అవి ఆ నోటితో ఏమి చేస్తవి?

పెద్దమ్మ లోపలికి పిలిచి కాఫీ ఇచ్చినది. కుశలప్రశ్నలయిన తరువాత అమ్మ మెల్లగా సంగతి ఎత్తినది. పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నది: “అక్కా, మీకు నిద్ర లేదని నాకు తెలియదే. మీ వాళ్ళు గోడ మీద కొట్టేటప్పుడు నన్నే తిడతా వుండారని ఏడ్చుకొంటిని. రాత్రిపూట ఈ యింట్లో నేనొక్కదాన్నే. వెనక సందులో తాళం పగలగొట్టినారు గదా, ఆ నాటి నుంచి నాకు కన్ను మూతపడదు. అవి మొరిగితేనే నాకు ధైర్యం. మొరిగినంతసేపూ ఎవరూ రాలేదులే అని పడుకొంటాను.”

పాఠకులారా, ఈ మాట మీద మేము చాలా రోజులు ఆలోచించినాము. ఏ చప్పుడు మా యింట నిద్ర చెడగొట్టుతున్నదో ఆ చప్పుడే గోడకు అవతల ఒక ముసలితల్లికి జోలపాట. కొడుకు కాపలాను పంపగలిగినాడు గాని తోడును పంపలేకపోయినాడు. ఆ తోడు ఇవ్వవలసిన మేము అర్జీ వ్రాస్తూ కూర్చున్నాము.

ఆ వారమే కుక్కలను పశువైద్యుని వద్దకు తీసుకొనిపోయినాము. ఆయన వాటి వెనుక నిలిచి చప్పట్లు కొట్టినారు. ఆడది గిరుక్కున తిరిగినది. మగది తిరగలేదు. తాళాల గుత్తి నేల మీద పడవేసినారు. మగది అటే చూస్తున్నది. “ఈయనగారికి చెవుడమ్మా” అన్నారు డాక్టరుగారు. రాజపాళయం జాతిలో చెవుడుతో పుట్టే పిల్లలు తరచుగా వుంటవట. తెల్లని ఒంటికీ చెవుడుకూ సంబంధం వున్నది. ఒంటికి రంగునిచ్చే కణాలే లోపలి చెవి పనికి కూడా అవసరం. అవి లోపిస్తే పుట్టిన కొద్ది వారాలలోనే వినికిడి పోతుంది. డాల్మేషియన్ జాతిలోనూ ఇదే కనబడుతుంది. కనుక మగకుక్క కంటికి ఆనిన ప్రతిదానికీ మొరుగుతున్నది. దానిని విని ఆడది అందుకొంటున్నది. మేము మూడు నెలలు తిట్టిన తిట్లన్నీ చెవిటివాని ముందు శంఖం ఊదినట్లయినవి. ఈ సామెతను ఇంత అక్షరాలా అనుభవించినవారు మాకంటె వేరొకరు వుండరు.

ఈ జాతి మనకు పరాయిది కాదు. రాజపాళయం తెలుగు మాట్లాడే రాజుల ఊరు. 1949 నుండి 1952 వరకు మదరాసు ముఖ్యమంత్రిగా వున్న పి.ఎస్. కుమారస్వామిరాజాగారి ఊరు. అక్కడి కుక్క అడవిపంది వేటకూ, ఇంటి కాపలాకూ పేరుబడినది. 2005 జనవరి 9న భారత తపాలాశాఖ నాలుగు దేశీయ జాతుల కుక్కల మీద బిళ్ళలు విడుదల చేసినప్పుడు హిమాలయ గొర్రెలకుక్క, రాంపూరు, ముధోల్ వేటకుక్కల సరసన రాజపాళయానికీ చోటు దక్కినది. అటువంటి వీరుని తెచ్చి మూరెడు గొలుసుకు కట్టడం, ఎద్దును తెచ్చి అటక మీద కట్టినట్లే.

ఇక ఏమి చేసినామో చెబుతాము. ఎవరికయినా ఉపయోగపడవచ్చును.

మొదటిది, గేటుకు లోపలి వైపున నడుము ఎత్తు వరకు రేకు బిగించినాము. వీధి కనబడడం మానివేయగానే మొరుగుడు సగానికి సగం తగ్గినది. దీనికయిన ఖర్చు ఒక పూట హోటలు భోజనం పాటి కూడా లేదు. రెండవది, మూరెడు గొలుసు తీసివేసి పెరట్లో ఈ చివర నుండి ఆ చివరకు తీగ కట్టి, దాని మీద జారే పొడుగు తాడు వేసినాము. మూడవది, నడక. తెల్లవారి ఆరు గంటలకు మా చిన్నది ఆడదానినీ, ఎదురింటి మిల్లు అబ్బాయి షిఫ్టు నుండి రాగానే మగదానినీ చెరువు దిక్కుగా నడిపించుకొని వస్తారు. పరీక్షల పిల్లకు ఇదేమి పని అని మేము గొణిగినాము. కాని పొద్దున ఆ అరగంట గాలికి తిరిగి వచ్చిన పిల్ల, మునుపటి కంటె నిలకడగా కూర్చుని చదివినది. నాలుగవది, రాత్రి పది గంటలయితే రెండింటికీ వసారాలో గోనెపట్టా మీద పడక. ఇంటి మనిషి వాసన దగ్గరగా వుంటే కుక్కకూ ధైర్యమే.

చెవిటిదానికి నోటిమాట పనికిరాదు గనుక చేతి సైగలు నేర్పినాము. అరచేయి చూపితే ఊరుకోవాలి, ఊరుకొంటే ఒక బిస్కెట్టు ముక్క. పది రోజులలో నేర్చుకొన్నది. మొరిగినప్పుడు దండించడం కంటె ఊరుకొన్నప్పుడు మెచ్చుకోవడం ఎక్కువ పనిచేస్తుందని అప్పుడు తెలిసినది. ఈ సూత్రం పిల్లల పెంపకానికీ చెల్లుతుందని మా అమ్మ అన్నది గాని, ఎవరిని ఉద్దేశించి అన్నదో మేము అడగలేదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఐదవది. పెద్దమ్మ మంచం తల దగ్గర ఒక మీట, మా పడకగదిలో ఒక గంట, నడుమ గోడ మీదుగా తీగ. రాత్రి ఎప్పుడు భయం వేసినా ఆమె మీట నొక్కితే మేము లేస్తాము. ఇప్పటికి రెండుసార్లు మోగినది. ఒకసారి కాలు పట్టివేసినది. ఇంకొకసారి చేయి తగిలినది. రెండుసార్లూ పరుగెత్తినాము. ఆ గంట పెట్టిన నాటి నుండి కుక్కలు మొరగకపోయినా ఆమెకు నిద్ర పడుతున్నది. అవి మొరగవలసిన అవసరమే సగం తీరినది.

చట్టం సంగతి కూడా నాలుగు మాటలు చెప్పాలి. అన్ని గేట్లూ మర్యాదగా తెరుచుకోవు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాసప్రాంతంలో చప్పుడు పగలు 55 డెసిబెల్సు, రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్సు దాటరాదు. దానికి పది డెసిబెల్సు మించితే ఫిర్యాదు చేయవచ్చును. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ప్రజాబాధకు 292వ సెక్షను క్రింద వెయ్యి రూపాయల వరకు జరిమానా వున్నది. అటువంటి బాధను తొలగించుమని ఉత్తరువు ఇచ్చే అధికారం నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షను మేజిస్ట్రేటుకు ఇస్తున్నది. అర్జీ పెట్టేవారు ఒక వారం పాటు ఏ వేళకు ఎంతసేపు మొరిగినదో తేదీలతో వ్రాసి పెట్టుకొంటే మాటకు బలం వుంటుంది.

అయితే చట్టపు కత్తికి రెండు వైపులా పదునున్నది. కుక్కను విషం పెట్టి చంపినా, కుంటిదానిని చేసినా అదే న్యాయసంహిత 325వ సెక్షను క్రింద ఐదేండ్ల వరకు జైలు. “ఒక ఉండ వేసేస్తే పోతుంది” అని మా సందులో ఒకరు నవ్వుతూ అన్నమాట మేము మరచిపోలేదు. ఆ నవ్వు మాకు కుక్కల అరుపు కంటె భయం కలిగించినది. పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం నివాసుల సంఘాలకు లేదని కూడా జంతు సంక్షేమ బోర్డువారు 2015లో స్పష్టం చేసినారు.

కుక్కల యజమానులు తెలుసుకోవలసిన ముక్క మరొకటి. కళాక్షేత్రం స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ గారు రాజ్యసభలో జంతువుల తరఫున బిల్లు తెచ్చినారు. ఆ కృషి ఫలితంగా 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చినది; 1962లో మదరాసులో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు ఆమెయే మొదటి అధ్యక్షురాలు. ఆ చట్టం 11వ సెక్షనులో, జంతువును మరీ పొట్టి గొలుసుతో అకారణంగా చాలాసేపు కట్టివేయడమూ, ఎప్పుడూ కట్టులో వుంచే కుక్కను తగినంత తిప్పకపోవడమూ నేరమని వ్రాసి వున్నది. మొదటిసారి తప్పుకు జరిమానా పది నుండి యాభై రూపాయలు. డబ్బు చిన్నదే, గాని మాట పెద్దది. పొరుగువాని నిద్ర కోసం వ్రాసిన చట్టమూ, కుక్క కాళ్ళ కోసం వ్రాసిన చట్టమూ ఒకే చోటికి వస్తున్నవి. తిరిగిన కుక్క పడుకొంటుంది. కుక్క పడుకొంటే సందు పడుకొంటుంది.

మన పెద్దలకు ఇది తెలియని సంగతి కాదు. భారతంలో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్న కథ అందరూ చెబుతారు. అది చివరి కథ. మొదటి కథను తక్కువమంది తలచుకొంటారు. నన్నయ్యగారి ఆదిపర్వం మొదట్లోనే సరమ అనే దేవతల కుక్క వస్తుంది. జనమేజయుడు యాగం చేస్తుండగా దాని పిల్ల అక్కడికి పోతే, ఏ తప్పూ చేయకపోయినా అతని తమ్ములు కొట్టినారు. పిల్ల ఏడ్చుకొంటూ తల్లి దగ్గరకు పోయినది. సరమ సభకు వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమి అని అడిగినది. జవాబు లేదు. అప్పుడు ఆమె, ఎదురుచూడని భయాలు వచ్చి పడతవని చెప్పి వెళ్ళిపోయినది. అంతటి ఇతిహాసం ఒక కుక్క ఫిర్యాదుతో మొదలయినది! ఆ తల్లి కూడా గోడమీంచి అరవలేదు. నేరుగా వచ్చి ముఖాముఖి అడిగినది. మూడు నెలలు మాకు చేతకాని పని అది.

కుక్కలను పెంచే పాఠకులకు మా మనవి: మీ కుక్క మీకు ముద్దు, దాని అరుపు మీ చెవికి అలవాటు, పక్కింటివారు చెప్పేదాక మీకు తెలియకపోవచ్చును. నెలకొకసారి మీరే వెళ్ళి అడగండి. ఏటేటా రేబీస్ టీకా వేయించండి. నిద్ర చెడిన పాఠకులకు మా మనవి: కాగితం తీసే ముందు చెప్పులు తొడుక్కోండి. గేటు దాకా వెళ్ళి చూడండి. అక్కడ నిజంగానే మంకుపట్టు వున్నట్లయితే కాగితం ఎటూ వుండనే వున్నది.

అంతా సద్దుమణిగినదని చెప్పి మిమ్మల్ని మోసపుచ్చము. వేకువను నాలుగున్నరకు పాలబండి సందులోకి తిరుగుతుంది. ఆ చక్రాల అదురుకో, వెలుతురుకో చెవిటాయన లేచి నాలుగు కేకలు వేస్తాడు. ఆడది రెండు కలుపుతుంది. అంతటితో సరి. నాయనగారు అటు తిరిగి పడుకొంటారు. చిన్నది లేచి దీపం వేసుకొంటుంది. అమ్మ లేచి పొయ్యి దగ్గరకు పోతుంది. “సంగు ఊదినారు, లేవండి” అంటుంది.